పాకం చలిమిడి

"ఒక్క గంట" అన్నాడు ప్రసంగీకుడు, బల్లమీది టైంపీసును జనంవైపు తిప్పిపెడుతూ. ఎవరికి ఎవరిమీద ఏముందో, ఎవరు ఎవరికి ఏం చేశారో ఈ గంటలో లేచి చెప్పుకుని సరిచేసుకోవాలి, ప్రభువు బల్ల రొట్టె ఆ తర్వాతే, సరిచేసుకోనివాళ్ళు పళ్ళెం తమ ముందుకొచ్చినప్పుడు పక్కవాళ్ళకి అందించేసి ఊరుకోవాలి. ఆయన మాట పూర్తి కాకుండానే మగవాళ్ళ వైపునుంచి సత్తియ్య లేచాడు. ఆడవాళ్ళ వైపు మొదటి వరసలో, ఇంటినుంచి తెచ్చుకున్న సొంత చాపమీద కూర్చున్న రాహేలమ్మకి నవ్వొచ్చి పెదవి చివరనే ఆగిపోయింది. సత్తియ్య కాక ఇంకెవరు లేస్తారు? మూడేళ్ళ కిందట ఇలాంటి ఉజ్జీవ కూటాల్లోనూ మొదట లేచింది వీడే, అప్పుడూ ఈ కొబ్బరికాయలే. రాజుగారి తోటలో కాయల దింపుకెళ్ళి కొన్ని దాచేనండి, ప్రభువు నన్ను గద్దించేడండి, అని తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఒకటే ఏడుపు. ప్రభువుకి చెబుతాడు గాని రాజుగారికి మాత్రం చెప్పడు. రాజుగారికి చెబితే వీపు పగులుతుంది, ఇక్కడ చెబితే జనం స్తోత్రం అంటారు. ఇదిగో, అంటున్నారు. పందిరి మొత్తం అంటోంది. పచ్చి కొబ్బరాకుల సందుల్లోంచి ఫిబ్రవరి ఎండ చారలుచారలుగా పడుతోంది, తలనూనె వాసన, చెమట వాసన, చంటిపిల్లల పాల వాసన, వీటన్నిటి మధ్యా సత్తియ్య పశ్చాత్తాపం. ఏడవడానికి ఒక పాపం చేతిలో ఉంచుకుని మూడేళ్ళకోసారి దాన్నే ఉతికి ఆరేసుకునే మనిషి వాడు.

బల్లమీద తెల్లగుడ్డ కింద రొట్టె ఉంది. ఆ గుడ్డ అంచుకి ద్రాక్షతీగ కుట్టింది రాహేలమ్మే, ఆ రొట్టె తెల్లవారకముందే లేచి తలస్నానం చేసి కాల్చింది రాహేలమ్మే, ఎండుద్రాక్ష నానబెట్టి పిసికి వడగట్టి సీసాలో పోసింది కూడా రాహేలమ్మే. మూడు తరాల విశ్వాసి, బోర్డింగులో చదువుకున్న మనిషి, ఆశీర్వాదం మాస్టారి భార్య. మిషన్ దొరగారు సీమకి వెళ్ళిపోయినప్పటినుంచి ఈ సంఘానికి పెద్ద ఎవరంటే ఆశీర్వాదం మాస్టారే, మిగతా ఇద్దరు పెద్దలూ ఆయన ఎటు తల తిప్పితే అటు తిప్పేవాళ్ళు. అదుగో, బల్ల పక్కన కుర్చీలో కూర్చుని కళ్ళు సగం మూసి ప్రార్థన చేస్తున్నారు. పూర్తిగా మూస్తే ఎవరు ఏడుస్తున్నారో కనపడదు మరి. ఇరవైయారేళ్ళ కాపరంలో ఆ సగం కళ్ళని ఆవిడ బాగా చదివింది. ఇక ప్రసంగీకుడు. నరసాపురం రేవు దాటి వచ్చిన ఈ మూడు రోజుల్లో పొద్దుటిపూట ఉపవాసం అంటూ కాఫీ వద్దన్నాడు, మధ్యాహ్నం చందువా చేపముక్కల పులుసు రెండుసార్లు వడ్డించుకున్నాడు, రాత్రి బాతుగుడ్డు అట్టు వేడిగా ఉంటే బాగుంటుందమ్మా అన్నాడు. లోకాన్ని ద్వేషించండి అని పొద్దున్న ప్రసంగం. లోకం అంటే ఈయన లెక్కలో చందువా పులుసు కాదు కాబోలు.

వెనక్కి తిరిగి చూడకూడదనుకుంది. అయినా చూసింది. పందిరి చివర, గుంజకి ఆనించి పరిచిన ఈతచాపమీద, రొట్టె ముట్టకూడదని బల్లకి దూరంగా ఉంచబడినవాళ్ళు కూర్చునే చోట, వీరాయమ్మ. ఆ చాపమీద మనుషులు వస్తుంటారు, పోతుంటారు. తాగి పట్టుబడినవాడు మూడు నెలలు, పెళ్ళాన్ని కొట్టినవాడు రెండు నెలలు కూర్చుని, తప్పు ఒప్పుకుని ముందుకి వచ్చేస్తారు. వీరాయమ్మ మాత్రం ఆరేళ్ళుగా అక్కడే. ఒప్పుకోవే, నేడే తీసుకుంటాం, అని పెద్దలు ఎన్నిసార్లు చెప్పినా, చెయ్యంది ఎలా ఒప్పుకుంటానండి, అని ఒకటే మాట. నెలకో ఆదివారం రొట్టె పంచడం, ప్రతిసారీ ఆ మనిషి తలమీద ముసుగు సర్దుకుని అందరి నోళ్ళూ కదలడం చూస్తూ కూర్చోవడం. ఒక్క ఆదివారం మానలేదు. ఇవాళ పక్కన కూతురు కరుణ కూడా ఉంది. ఆ పిల్లకి రాజోలులో సంబంధం కుదిరింది, లాంచీల రేవులో టిక్కెట్లు కొట్టే కుర్రాడు, మంచివాళ్ళు, ఒక్కటే అడిగారు, పిల్ల తల్లి బల్లలో పాలుపొందే విశ్వాసి అని సంఘ పెద్ద రాసిచ్చే ఉత్తరం. కిందటి బుధవారం వీరాయమ్మ వీధిగుమ్మంలో నిలబడి ఆ ఉత్తరం అడిగితే మాస్టారు పడక్కుర్చీలోంచి లేవకుండానే, నువ్వు చాపమీద ఉండగా నా చేత్తో అలా ఎలా రాయనే, అబద్ధం రాయమంటావా, అన్నారు. లోపల పప్పు రుబ్బుతున్న రాహేలమ్మ చెయ్యి ఆగింది. అబద్ధం, అన్నారు. మళ్ళీ రుబ్బింది.

అసలు నాగులచవితి కాకపోయి ఉంటే. యుద్ధం ఆగిన ఏడు, కార్తీకమాసం, శనివారం. శనివారం సాయంత్రాలు రాహేలమ్మ ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళు వంటకి ముందు సంఘం కోసం తీసిపెట్టిన పిడికెడు బియ్యం పోగుచేసేది. వీరాయమ్మ పాక ముందుకొచ్చేసరికి గుమ్మంలో ఈ కరుణే, అప్పటికి పదేళ్ళది, అరటాకు ముక్క ముందేసుకుని వేళ్ళు నాకుతోంది. ఏమిటే అది? చలిమిడండి. ఎక్కడిది? రాజుగారింట్లో పెట్టేరండి, అమ్మ పశువులశాల బాగుచెయ్యడానికి వెళ్ళిందండి. పొద్దుటినుంచి ఊళ్ళోవాళ్ళంతా పాలూ చలిమిడీ చిమ్మిలీ పట్టుకుని పుట్టలకి వెళ్ళడం రాహేలమ్మ చూస్తూనే ఉంది. ఇంకేం కావాలి? పుట్టకి పెట్టింది తెచ్చి బాప్తిస్మం పొందిన పిల్లకి తినిపిస్తోంది. ఆ ఆకులో కొబ్బరిముక్కలున్నాయి, నెయ్యి మెరుస్తోంది, బెల్లంపాకం వాసన ఇంతదూరానికి కొడుతోంది, ఇవన్నీ చూసింది, చూసి కూడా చూసిందేమిటో ఆవిడకి తెలియలేదు. ఎలా తెలుస్తుంది? తాతలనాడే అవన్నీ వదిలేసిన ఇల్లు, బోర్డింగులో దొరసానులు పెట్టిన గంజీ రొట్టే తిని పెరిగిన నోరు, చలిమిడంటే చవితి, చవితంటే పుట్ట, అంతే. ఆ రాత్రే మాస్టారికి చెప్పింది. చెప్పినప్పుడు ఒక సంతోషం కూడా కలిగింది, అది గుర్తుంది, చీర మడత సరిగ్గా కుదిరినప్పుడు కలిగేలాంటి సంతోషం.

ముగ్గురు పెద్దలూ కూర్చున్నారు. వీరాయమ్మ చేతులు కట్టుకుని నిలబడింది. అది చవితిది కాదండి, రాజుగారమ్మాయిని అత్తారింటికి పంపినప్పుడు సారెలో పెట్టిన చలిమిడండి, మిగిలింది మాకిచ్చేరండి, అంది. మాస్టారు, చవితినాడు తిన్నావా లేదా? అన్నారు. తిన్నామండి. చలిమిడేనా? చలిమిడేనండి. ఇంకేముందే, చలిమిడి చలిమిడే, అన్నారు. ముగ్గురు మగాళ్ళు, ముగ్గురూ జన్మలో పొయ్యి ముందు కూర్చోనివాళ్ళు, ఒక పిండివంట సంగతి తేల్చేశారు. వీరాయమ్మ మొగుడు పోలయ్య బయట గుంజ దగ్గర నిలబడి, మేం తినే ముద్దలో కూడా వేలెట్టి కెలుకుతాడేంటండీ మీ దేవుడు, అని తువ్వాలు దులిపి వెళ్ళిపోయాడు. మళ్ళీ గుడి గుమ్మం తొక్కలేదు. రెండేళ్ళ కిందట అలాగే పోయాడు. ప్రార్థన చెయ్యడానికి వెళ్ళిన మాస్టారి మొహం చూడకుండా గోడవైపు తిరిగి పడుకుని పోయాడు.

"బీడీలు కాల్చేనండి, మా అమ్మకి తెలీకుండా..." తాతాజీ లేచాడు. వీడికి నలభై ఏళ్ళు. వీడి నోటినుంచి వచ్చే వాసన ఊరంతటికీ తెలుసు, వాళ్ళమ్మకే తెలియదట. స్తోత్రం! స్తోత్రం! ఆడవాళ్ళ వైపు ఇద్దరు తోడికోడళ్ళు ఒకరినొకరు వాటేసుకుని పోటీగా ఏడుస్తున్నారు, రేపు కాలవరేవులో బిందె దగ్గర జుట్లు పట్టుకుంటారు, మొన్న జనవరిలో ఓటెయ్యడానికి వరసలో నిలబడి కూడా పట్టుకున్నారు. ప్రసంగీకుడు టైంపీసువైపు చూసి, ఇంకా అర్ధగంట ఉంది, ఆత్మ పనిచేస్తున్నాడు, అన్నాడు. ఆత్మ! వీళ్ళందరి పాపాలూ కలిపినా ఒక వంటింటి చాటలో పట్టేస్తాయి. పెద్ద పాపాలు చేసినవాళ్ళు ఎప్పుడూ లేవరు. వాళ్ళు మొదటి వరసలో సొంత చాపమీద కూర్చుని ఉంటారు.

ఆ మాట ఎవరో చెవిలో అన్నట్టయింది. అన్నది తనే.

చవితి వెళ్ళిన నాలుగు నెలలకి ఒకరోజు ఎప్పటిలాగే రాజుగారింటికి వెళ్ళింది. ముత్యాలరాజు గారి ఆడపిల్లలకి కుట్టుపని నేర్పడానికి వారానికి రెండు మధ్యాహ్నాలు వెళ్ళేది. ఘోషా ఇల్లు, పెరటి దారిన వెళ్ళి వసారాలో తనకోసం విడిగా ఉంచిన పీటమీద కూర్చోవాలి, ఆ పీట తను లేచాక నీళ్ళు చల్లి లోపలపెట్టేవారు. దానికి రాహేలమ్మ ఏనాడూ ఏమీ అనుకోలేదు, ఆ పీటనుంచి లేచొచ్చి గుడిలో వీరాయమ్మని చాపమీద కూర్చోబెట్టడానికి ఏమీ అనుకోనట్టే. ఆరోజు రాజుగారి భార్య సుభద్రయ్యమ్మ గడప అవతలనుంచి తమలపాకులు ఈనెలు తీస్తూ, "మీ వీరాయమ్మని మీ గుళ్ళో వెలేసేరంట కదండీ, మా ఇంటి చలిమిడి తిన్నాదని?" అంది. పుట్టకి పెట్టింది కదండీ, మా మతంలో కుదరదండీ, అని రాహేలమ్మ అంటే ఆవిడ చేతిలో ఆకు కిందపెట్టి మరీ నవ్వింది. "పుట్టకి పచ్చి చలిమిడి పెడతామండి. ఆవేళ పొయ్యిమీద పాకం పడతామా ఎక్కడన్నా! అది మా పెద్దమ్మాయి సారెకి పట్టిన పాకం చలిమిడండి, రెండ్రోజుల ముందే పిల్లని పంపేం. కొబ్బరీ నెయ్యీ కనపళ్ళేదేంటండీ మీకు? ఏం దేవుడండీ బాబూ మీ దేవుడు, పచ్చిదానికీ పాకానికీ తేడా తెలీదూ?" లోపల ఆడపిల్లలు కూడా నవ్వారు. రాహేలమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ, మావారితో చెప్తానండి, అంది. మూడుసార్లు ఎక్కలేదు దారం.

చెప్పాలనే ఇంటికొచ్చింది. ఆయనకి జ్వరం. తగ్గాక చెప్దామనుకుంది. తగ్గాక స్కూలు తనిఖీ. తర్వాత దొరగారి ప్రయాణం, సంఘం మాస్టారి చేతికి వస్తున్న రోజులు, అప్పుడు మీ మొదటి తీర్పే తప్పని ఎలా చెప్పడం. తర్వాత చెప్పడానికి ఇన్నాళ్ళు ఎందుకు ఆగావని అడుగుతారు కదా అని. అలా ఆగిన ప్రతి నెలా చెప్పకపోవడానికి ఇంకో కారణం అయి కూర్చుంది. ఈలోగా వీరాయమ్మమీద కోపం పెరిగింది. అరవదేం? తిట్టదేం? పక్క ఊళ్ళో ఇంకో సంఘం ఉంది, బాప్తిస్మం ఉంటే చాలు, అడక్కుండా రొట్టె పెట్టేస్తారు, అక్కడికి పోదేం? ప్రతి ఆదివారం గుడి బయట వందనాలమ్మగారండీ అని చేతులు జోడించి నిలబడుతుంది. ఆ వందనం వినగానే ఒళ్ళు చీదరెత్తేది. దీనిది ఓర్పు కాదు, మొద్దుతనం, అనుకునేది రాహేలమ్మ. పశువుల దగ్గర తిరిగీ తిరిగీ మనిషికి అభిమానం చచ్చిపోయింది, అనుకునేది. అలా అనుకున్న పూట అన్నం సయించేది. ఆరేళ్ళూ అన్నం సయించడానికి ఆ మనిషిని రోజూ ఇంత తక్కువ చేసుకుంటూ వచ్చింది. పప్పులో ఉప్పంత.

బోర్డింగులో పన్నెండేళ్ళప్పుడు పక్కమంచం పిల్ల దువ్వెన దొంగిలించింది. దంతపు దువ్వెన, రెండు పళ్ళు విరిగినది. వారం రోజులు తలగడ కింద దాచుకుంది గాని ఒక్కసారి కూడా దువ్వుకోలేకపోయింది. ఏ ప్రసంగీకుడూ లేడు, ఏ టైంపీసూ లేదు, ఒకనాడు వానలో బట్టలు తీస్తుంటే ఆ పిల్ల ఎదురొచ్చింది, ఇదిగోనే నీ దువ్వెన, నేనే తీశాను, అని ఇచ్చేసింది. ఆ పిల్ల గిల్లింది, గట్టిగానే గిల్లింది. కాని ఆ తర్వాత నూతిదాకా నడిచినప్పుడు కాళ్ళకింద నేల తెలియలేదు. దేవుడున్నాడని రాహేలమ్మకి ఎవరూ చెప్పనక్కర్లేకుండా తెలిసింది ఆ ఒక్కరోజే. వానా, తడిసిన దుప్పట్లూ, చేతిమీద గిల్లిన మంటా, ఆయనా. ఆ తర్వాత ముప్ఫైయేళ్ళు రొట్టెలు కాల్చింది, గుడ్డలకి ద్రాక్షతీగలు కుట్టింది, ఎవరెవరు ఏమేం తిన్నారో కనిపెట్టింది. నేల తెలియకపోవడం మళ్ళీ జరగలేదు. సత్తియ్యని చూసి నవ్వుతోంది గాని, ఆ కాయలైనా వాడు తీసినవే, వాడి నోటితోనే చెబుతున్నాడు. తనో? ఒకే ఒక్క వాక్యం. అది ప్రసాదం కాదు, నాకు ఆరేళ్ళనుంచి తెలుసు. చూస్తే మామూలు మాటలు. ఉల్లిపాయలు అయిపోయాయండీ అన్నంత తేలిగ్గా అనొచ్చు.

టైంపీసులో పది నిమిషాలుంది. రాహేలమ్మ కొంగు నడుముకి దోపింది. అరచెయ్యి చాపమీద ఆన్చింది. లేస్తే మాస్టారి సగం కళ్ళు ఏమవుతాయో, ఆ చాప రేపు ఎవరు పరుస్తారో, రొట్టె ఎవరు కాలుస్తారో. కాల్చనీ ఎవరైనా. మోకాలు ఎత్తింది.

"నాను చెప్పాలండి" అంది వెనకనుంచి ఒక గొంతు.

పందిరంతా వెనక్కి తిరిగింది. వీరాయమ్మ లేచి నిలబడి ఉంది. ముసుగు జారకుండా ఒక చేత్తో పట్టుకుంది. ఏడవడం లేదు.

"తిన్నానండి. పుట్టకెట్టిందేనండి. నాను తిని నా పిల్లకి కూడా ఎట్టేనండి. కాదని పెద్దల దగ్గర అబద్ధమాడేనండి. ఆయ్. ఇన్నేళ్ళూ ఒప్పుకోలేదండి. దేవుడు క్షమించాలండి, పెద్దలు క్షమించాలండి."

స్తోత్రం అనే కేక పందిరి కప్పుని తాకింది. ప్రసంగీకుడు రెండు చేతులూ పైకెత్తాడు, ఆరు సంవత్సరాల రాతిగుండె కరిగింది, చూడండి, చూడండి, అన్నాడు. మాస్టారు తల పంకించారు, తన తీర్పు ఎవరో కడిగి తళతళలాడించి చేతికి తిరిగి ఇచ్చినట్టు. రాహేలమ్మ ఎత్తిన మోకాలు అలాగే ఉంది. కరుణ తల వంచుకుని చాప ఈనె పీకుతోంది. ఆ పిల్లకి తెలుసు. వేళ్ళు నాకిన పిల్ల, ఏ చలిమిడో దానికి తెలియదూ?

వీరాయమ్మ వరసల మధ్యనుంచి నడిచొచ్చి రాహేలమ్మ ఎదుట కూర్చుంది, రెండు చేతులూ పట్టుకుంది. గరుకు చేతులు, పేడా గడ్డీ పట్టి పగిలిన వేళ్ళు. "అమ్మగారండీ, మీరు నిజం చెప్తే మనసులో తిట్టుకున్నానండి. క్షమించండి" అని అందరికీ వినపడేలా అంది. ఆ కళ్ళని రాహేలమ్మ ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. అందులో మొద్దుతనం లేదు, ఓర్పు కూడా లేదు. గడ్డిలో పురుగుని పక్కకి తీసి పడేసేటప్పుడు ఉండే చూపు ఉంది. ఆరేళ్ళ వందనాల వెనకా ఇదే ఉందన్నమాట.

"వీరాయమ్మా, అది..." అంది రాహేలమ్మ.

"ఊరుకోండి" అంది వీరాయమ్మ పెదవులు కదపకుండా. చుట్టూ స్తోత్రాల హోరులో ఆ మాటలు వాళ్ళిద్దరికే. "మీకు తెలుసని నాకు తెలుసండి. సుభద్రయ్యమ్మగారు ఆవేళే చెప్పేరు. మొదట్లో ఆదివారం ఆదివారం చూసేనండి, చెప్తారు, చెప్తారని. మా ఆయన పోయినప్పుడు కూడా చూసేను. ఇంక అక్కర్లేదండి. ఇప్పుడు గాని నోరు తెరిచేరా, ఇది ఇప్పుడే అబద్ధమాడిందని నన్ను మళ్ళీ ఆ చాపమీదకే తోస్తారు. పిల్లకి ఉత్తరం రానివ్వండి. మీ పుణ్యం నా పిల్ల మీద చేసుకోకండి."

"అమ్మగారూ, క్షమించేనని చెప్పండి" ప్రసంగీకుడు బల్ల దగ్గరనుంచి పురమాయించాడు. సంఘమంతా ఎదురుచూస్తోంది. రాహేలమ్మ ఇంతమందిని ఇంతసేపు ఈసడించుకుంది గాని, ఇప్పుడు తన నోటినుంచి రాబోయే మాటంత నీచమైనది ఈ పందిట్లో ఇంకొకటి లేదు.

"క్షమించేను" అంది.

స్తోత్రం, అన్నారు. వీరాయమ్మ చేతులు వదిలేసి, వెళ్ళి ఆడవాళ్ళ రెండో వరసలో జరిగి ఇచ్చిన జాగాలో కూర్చుంది. గంట అయింది. తెల్లగుడ్డ తీశారు, ప్రార్థన చేశారు, రొట్టె విరిచారు. ఆడవాళ్ళ వైపు పళ్ళెం పట్టుకొచ్చింది మాస్టారే. ముందు వీరాయమ్మకే ఇవ్వాలని ప్రసంగీకుడు అంటే ఆమె ముందుకే వెళ్ళారు. ఆమె ముక్క తుంచుకుంది, కళ్ళు మూసుకుని చాలాసేపు నమిలింది. అప్పుడు మాత్రం చెంపలమీద నీళ్ళు జారాయి. ఆరేళ్ళుగా కావాలనుకున్నది అబద్ధం చెప్పి తినవలసి వచ్చింది. ఆ అబద్ధం కూడా ఆమెది కాదు, అనుకుంది రాహేలమ్మ. నాది. నా వాటాలోదే.

పళ్ళెం మొదటి వరసకి వచ్చింది. తను కాల్చిన రొట్టె, అంచు దగ్గర కొంచెం మాడిన మచ్చ కూడా తనదే. రాహేలమ్మ రెండు చేతులతో పళ్ళెం అందుకుని, ముట్టకుండా, పక్కనున్న ముసలమ్మకి అందించింది. ముసలమ్మ తెల్లబోయి చూసింది. వెనక వరసలో గుసగుసలు మొదలయ్యాయి. మాస్టారు వంగారు.

"ఏమే? ఏమైంది? అందరూ చూస్తున్నారు."

"చూడనివ్వండి" అంది రాహేలమ్మ. "ఇంటికెళ్ళగానే ముందు వీరాయమ్మకి ఉత్తరం రాయండి. బల్లలో పాలుపొందిన మనిషని రాయండి, మీ కళ్ళతోనే చూశారు కదా. మధ్యాహ్నం లాంచీకే రాజోలు పంపించాలి. నేనే రేవుదాకా వెళ్ళి ఇచ్చొస్తాను."

"సరేలే, రాస్తాను. నువ్వెందుకు తీసుకోలేదు?"

"లాంచీ వెళ్ళాక చెప్తాను. సాయంత్రం కూటంలో, అందరి ముందూ."

మాస్టారు ఇంకేదో అడగబోయారు. పళ్ళెం అప్పటికే మూడో వరస దాటిపోయింది, దాని వెనకాల వెళ్ళక తప్పలేదు. సాయంత్రం తను లేచి నిలబడితే ఏం జరుగుతుందో రాహేలమ్మకి తెలుసు. ప్రసంగీకుడు ఇదే గొంతుతో, ఇవే చేతులు ఎత్తి స్తోత్రం అంటాడు, సత్తియ్య కొబ్బరికాయల పక్కనే తన ఆరేళ్ళని కూడా పేర్చుకుని పడవెక్కి పోతాడు. వీరాయమ్మ క్షమించదు, క్షమించమని అడగడానికి తనకి మొహమూ లేదు. వీరాయమ్మ అబద్ధం కూడా తన లెక్కలోనే వేయించుకుని, ఆ తర్వాత ఆదివారం గుంజ పక్క చాపమీద తను కూర్చోవడమే, ఎన్నాళ్ళో తెలియదు.

లాంచీ ఒంటిగంటన్నరకి. రొట్టె అయ్యాక పాడే పాటకి అందరూ లేస్తుంటే ఆవిడ కూడా లేచి, రేవుకి ఏ గట్టున వెళితే దగ్గరో ఆలోచించుకుంటూ నిలబడింది.